ముప్పై సెకన్ల వంట రీల్ గారికి

మహారాజశ్రీ వంట రీల్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. కుక్కర్ పరిస్థితే కాస్త ఆందోళనకరంగా ఉంది.

నిన్న ఆదివారం మా ఇంట్లో మీ ‘హై ప్రోటీన్ వన్ పాట్ శనగల పలావ్’ వండారు. వండింది మా అమ్మాయి, ఇంటర్ ఫస్టియర్. రోజూ కాలేజీలో క్యారేజీ మూత తీసి, లోపల ఏముందో చూసి, మళ్ళీ మూసేసే పిల్ల. అలాంటిది తనంతట తానే “ఇవాళ భోజనం నాది, నువ్వు వంటింట్లోకి రాకూడదు” అంది. మురిసిపోయాను. మా ఆయనైతే పొద్దున టిఫిన్‌లో ఒక ఇడ్లీ తగ్గించుకుని మరీ కూర్చున్నారు.

తమరు సెలవిచ్చిన పద్ధతి మాకు కంఠతా వచ్చేసింది. కుక్కర్‌లో నూనె, ఉల్లిపాయ, ఒక కప్పు కాబూలీ శనగలు, టమాటాలు, పెరుగు, బియ్యం, నీళ్ళు, మూత. మూడు విజిల్స్. ఆ మూడు విజిళ్ళూ పాటలో కలిసిపోయాయి. పైన కొత్తిమీర, గిన్నె అంచు మీద చెంచాతో టంగు టంగుమని రెండు దెబ్బలు. వడ్డన పూర్తి.

మాకు పూర్తవ్వలేదండీ. మూత తీసేసరికి అన్నం జావైపోయింది, అందులో శనగలు గోళీల్లా కూర్చున్నాయి. పాపం, పిల్ల ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ మూత పెట్టింది. మళ్ళీ విజిళ్ళు. కాసేపటికి మాడు వాసన హాల్లోకి వచ్చింది. అడుగు నల్లగా పట్టేసింది, శనగలు మాత్రం పంటికి లొంగలేదు. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది.

ఆ రీల్ నేనూ చూశాను. ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాను. మీ చేతిలో కప్పులో ఉన్న శనగలు ఉబ్బి, పొట్టు విచ్చుకోబోతూ నిగనిగలాడుతున్నాయి. అంటే ఎవరో ముందు రాత్రి పడుకోబోయే ముందు గిన్నెలో పోసి, నీళ్ళు పోసి, మూత పెట్టి వెళ్ళారు. ఎనిమిది గంటలైనా నాని ఉంటాయవి. మా పిల్ల డబ్బాలోంచి నేరుగా కప్పుతో ముంచి పోసింది. మీరు ‘ఒక కప్పు శనగలు’ అన్నారు, అదీ ఒక కప్పే పోసింది. ఆ ఎనిమిది గంటలూ ఎక్కడ దాచారు మహాప్రభో?

అక్కడితో ఆగారా? టమాటా, పెరుగు కూడా మొదట్లోనే పోయించారు. పులుపు పడ్డ గింజ మెత్తబడడానికి మొరాయిస్తుంది. అందుకేగా పప్పు మెదిపాకే చింతపండు రసం పోస్తాం! నానబెట్టని శనగలకి పులుపు కూడా తోడైతే ఇంకెన్ని విజిళ్ళు కూస్తే ఏం లాభం?

ఉల్లిపాయ సంగతి వేరే చెప్పాలి. మీ దగ్గర అది తెల్లగా కుక్కర్‌లో పడుతుంది, కెమెరా ఒక్కసారి రెప్పవేసి తెరిచేలోగా ఎర్రగా వేగిపోతుంది. మా స్టవ్ మీద దానికి సన్నసెగన దగ్గర దగ్గర పావుగంట పడుతుంది. ఆ పావుగంట మా పిల్లకి తెలీదు. రంగు రాకపోతే తనేదో తప్పు చేస్తున్నానని మంట పెంచింది. అంచులు మాడాయి, మధ్యలో పచ్చి అలాగే ఉంది.

మిగతావి పైపైన అంటాను, కోపగించుకోకండి. ‘చక్కెర లేని రాగి కేక్’ అని చెప్పి కప్పు బెల్లం పోస్తారు. బెల్లం ఏ లోకంలో తీపి కాదు? ఒక్క స్పూను ఆవాలకి ఒక గాజు గిన్నె, చిటికెడు పసుపుకి ఇంకో గాజు గిన్నె. అవన్నీ ఎవరు కడుగుతారు?

ఇక ప్రోటీన్. గిన్నెకి 40 గ్రాములట. వంద గ్రాముల ఎండు శనగల్లో ఉండేదే ఇరవైకి అటూ ఇటూ. తమరి లెక్క నిజం కావాలంటే బియ్యంలోది కలుపుకున్నా ఆ గిన్నెలోకి రెండొందల గ్రాములకి కాస్త తక్కువగా ఎండు శనగలు పట్టాలి. హైదరాబాద్ తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 16–18 ఏళ్ళ అమ్మాయికి రోజు మొత్తానికి వాళ్ళు చెప్పేది సుమారు 46 గ్రాములు. మీ పలావ్ తిని ఒక కోడిగుడ్డు తింటే ఇక ఆ రోజుకి వంటింటికి తాళం వేసుకోవచ్చు. ఇనుము ఊసు మాత్రం ఎత్తరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత అని తేలింది. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఇంకాస్త ఒంటబడుతుంది. కానీ తోటకూర ఉడికితే కెమెరాకి అందంగా ఉండదు, ఏం చేస్తాం!

ఇవన్నీ భరిస్తాను. కానీ ఆ పిల్ల గరిటె పక్కన పెట్టేసి ఏమందో తెలుసా? “నాకు వంట రాదమ్మా, వదిలెయ్” అంది. ఫోను తీసి బిరియానీ ఆర్డర్ పెట్టింది. వంట రాకపోవడమేంటి? నువ్వు చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చేసింది! తొలిసారి స్టవ్ ముట్టించిన పదహారేళ్ళ పిల్లకి సగం చెప్పి, మిగతా సగం మింగేసి, చివర్న నవ్వుతూ ‘ఇంత ఈజీ’ అంటావా? ఈజీ అన్నది చేయలేకపోయానే అని అది ఎంత చిన్నబుచ్చుకుందో నీకేం తెలుసు? ఏకవచనంలోకి దిగాను. దిగనీ.

ఒక్క మాట ఒప్పుకోవాలి. నేను ఎన్ని ఎండాకాలం సెలవుల్లో బతిమాలినా ఆ పిల్ల స్టవ్ వైపు చూడలేదు. మీరు ముప్పై సెకన్లలో లాక్కొచ్చారు. ఆ పాట వల్లో, ఆ గాజు గిన్నెల వల్లో నాకు తెలీదు. అందుకే మిమ్మల్ని పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

కాబట్టి విన్నపం. రీల్ మొదట్లో రెండు సెకన్లు, రాత్రి పదింటికి ఒక గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టిన శనగలు చూపించండి. ఉల్లిపాయ దగ్గర గడియారం ముల్లు చూపించండి. పుల్లటివేవైనా శనగలు ఉడికాకే వెయ్యమనండి. చివర్న సింకు కూడా చూపించండి. వద్దులెండి, సింకు చూస్తే ఉన్న పిల్లలు కూడా పారిపోతారు.

ఇట్లు,
పీచు పట్టుకుని కుక్కర్ అడుగు గీకుతున్న
ఒక అమ్మ

తా.క. ఫాలో అయితే పూర్తి రెసిపీ మెసేజ్‌లో పంపుతామన్నారు. మా అమ్మాయి నిన్న పొద్దున్నే ఫాలో అయింది. ఇందాక వచ్చింది మెసేజ్. ఎయిర్ ఫ్రయర్ కొనుక్కోమని లింకు.