ముప్పై సెకన్ల నిబంధన గారికి

మహారాజశ్రీ 30 సెకన్ల నిబంధన గారి సముఖానికి,

మీ వయసు చిన్నదే. 2007లో గుండె లయ నిపుణులు కూర్చుని, అబ్లేషన్ (గుండెలో దడ పుట్టించే చోట్లను వేడితోనో చలితోనో మాడ్చే చికిత్స) చేసిన తర్వాత ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) 30 సెకన్లు కనబడితే చాలు, జబ్బు తిరగబెట్టినట్టే అని రాసుకున్నారు. 29 సెకన్లు గతి తప్పిన గుండె పాసు. ఇంకొక్క సెకను లాగితే ఫెయిలు. ఆ ఒక్క సెకనులో గుండెకు కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. అయినా లెక్క లెక్కే.

కెనడాలో సర్కా-డోస్ అనే పరిశోధనలో 346 మందికి ఛాతీ చర్మం కింద, గుండె లయను నిరంతరం నమోదు చేసే లూప్ రికార్డర్ పెట్టి, అబ్లేషన్ తర్వాత గమనిస్తూ వచ్చారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి లయ మళ్లీ తప్పినట్టు నమోదైంది. అదే మనుషుల్లో ఫిబ్రిలేషన్‌లో గడిచే సమయం మాత్రం 98 శాతానికి పైనే తగ్గింది! మెట్లెక్కగలుగుతున్నాను, రాత్రి నిద్రపడుతోంది అని పేషెంటు సంబరపడుతుంటే, మీరు రిజిస్టరు తెరిచి ఎర్ర సిరాతో గీత కొడతారు.

పైగా వెతికినవాళ్లకే దొరుకుతారు మీరు. రికార్డర్ పెట్టి రాత్రింబవళ్లు కాపు కాసిన డాక్టరుకు ఫెయిళ్లు ఎక్కువ. మూడు నెలలకోసారి ఒక్క ఈసీజీ తీసి పంపేసేవారికి సక్సెస్ రేటు అదిరిపోతుంది. ఇంత గొప్ప న్యాయం ఇంకెక్కడుందండీ?

ఇక మీ రాకను ముందే చెబుతామంటూ ఎన్ని స్కోర్లు వెలిశాయో! ఉగాది పంచాంగంలో రాజపూజ్యం, అవమానం అంకెలు వేసినట్టు వేస్తారు. 2015లో జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి ఆపిల్ స్కోరు వచ్చింది. వయసు 65 దాటితే ముప్పు మార్కు ఒకటి, ఫిబ్రిలేషన్ దానంతటది సర్దుకోకుండా పట్టుకుని కూర్చుంటే ఒకటి, కిడ్నీలు మందగిస్తే ఒకటి, ఎడమ కర్ణిక 43 మిల్లీమీటర్లకు చేరితే ఒకటి, గుండె పంపింగ్ తగ్గితే ఇంకొకటి. క్యాప్-ఏఎఫ్ అనే స్కోరు ఆడవాళ్లయితే ఒక మార్కు కలుపుతుంది. ఎంబీ-లేటర్ అనేది మగవాళ్లయితే కలుపుతుంది. ఆలుమగలిద్దరూ ఒకేసారి వెళితే, ఎవరి గుండెకు భయపడాలో డాక్టరు ఏ కాగితం తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

వీటి జోస్యం ఎంత గట్టిదో చూసే కొలత ఒకటుంది. 0.5 అంటే బొమ్మా బొరుసా, 1 అంటే పొల్లుపోని మాట. కొత్త పేషెంట్ల మీద పరీక్షించినప్పుడల్లా ఈ స్కోర్లు చాలావరకు 0.6 చుట్టూనే తచ్చాడతాయి. పాపం, వాటిని తప్పుపట్టలేం. జబ్బును కాదు, మీ గడియారాన్ని ఊహించమని కదా వాటిని కూర్చోబెట్టింది! బరువు, బీపీ, గురక, మద్యం అదుపులో పెట్టుకుంటే అబ్లేషన్ ఫలితం మెరుగవుతుందని 2014లోనే ఆస్ట్రేలియా డాక్టర్లు చూపించారు. మనిషి చేతిలో ఉన్న ఆ నాలుగింట్లో ఒక్కదానికైనా పైన చెప్పిన మూడు స్కోర్లలో చోటు లేదు. మార్చుకోలేని వయసుకు మాత్రం వాటిలో రెండింట్లో పీట వేశారు.

కాబట్టి తమరు విశ్రాంతి తీసుకుని, నెలలో ఎన్ని గంటలు లయ తప్పిందన్న లెక్కకు కుర్చీ ఇవ్వాల్సిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ రిజిస్టరులో ఫెయిలై, రోజూ పొద్దున్నే వాకింగ్‌కు వెళుతున్న ఒక గుండె

తా.క.: అబ్లేషన్ అయిన మొదటి మూడు నెలల్లో ఎంత దడ వచ్చినా లెక్కలోకి రాదనే వెసులుబాటు ఉండేది. 2024లో దాన్ని 8 వారాలకు కుదించారు. ఇకపై మీరు నెల ముందే డ్యూటీ ఎక్కొచ్చు.