పీత నడక స్కేట్‌బోర్డు

మోకాలు ఇంకా మండుతూనే ఉంది, అయినా ఇప్పుడే రాసేస్తే గానీ నా కసి తీరదు.

స్కేట్‌బోర్డుకి కొత్త ట్రక్కులు కొందామనుకున్నా. ట్రక్కులంటే లారీలు కాదండీ, చెక్క కింద చక్రాల్ని మోసే ఇరుసు, దాని సరంజామా. ఏ బ్రాండు బాగుంటుందా అని వెతికితే ఒకరు ఏస్ చటుక్కున తిరుగుతుందంటారు, ఇంకొకరు వెంచర్ నిలకడగా ఉంటుందంటారు, సరే సైజు చూద్దామని పోతే అక్కడ మొదలైంది అసలు కథ. నాది 8 అంగుళాల వెడల్పు చెక్క. దానికి ఇండిపెండెంట్‌లో 139 అట, వెంచర్‌లో 5.2 అట, ఏస్‌లో 33 అట. అన్నీ ఒకే సైజే! ఒకరు హ్యాంగర్‌ని, అంటే ఇరుసుని పట్టుకునే అడ్డ భాగాన్ని, మిల్లీమీటర్లలో కొలిచారు, ఒకరు అంగుళాల్లో కొలిచారు, మూడోవాళ్ళు లాటరీ తీసినట్టున్నారు. ముగ్గురూ కూర్చుని ఒక టీ తాగి తేల్చుకోలేరా?

బామ్మర్దికి ఫోన్ చేస్తే "నంబర్లు వదిలెయ్ బావా, ఫీల్ ముఖ్యం" అన్నాడు. వాడు జన్మలో ఎక్కిన చక్రాలు ఆఫీసు కుర్చీవి.

సరే ఫీలే చూద్దామని రెండు బ్రాండ్ల పాత ట్రక్కులు చెరొకటి సంపాదించి, ముందు ఒకటి వెనక ఒకటి బిగించా. పేర్లు చెప్పను, పాపం వాటి తప్పేం లేదు. ఒక్క రైడ్‌తో రెండూ తేలిపోతాయి కదా అని నా తెలివి.

ఎక్కా, తోశా, కొంచెం ఎడమకి ఒరిగా. బోర్డు తిరగలేదు. అలాగని నేరుగానూ పోలేదు. ముక్కేమో బుద్ధిగా గేటు వైపే చూస్తోంది, బండి మాత్రం పీతలాగా ఐమూలగా ఎడమకి జరిగిపోతోంది, దానిమీద నేను గుళ్ళో హారతి కళ్ళకద్దుకునేవాడిలా చేతులు రెండూ చాపి, ఎదురుగా గేటుంది కాబట్టి గేటుకే గుద్దుకుంటానని మనసు సిద్ధం చేసుకుని ఉన్నా, కానీ వస్తున్నది పూలకుండీలు. గేటుకి గుద్దుకోడానికి ఒక పద్ధతుంటుంది, చేతులు అడ్డం పెట్టొచ్చు. పక్కనుంచి వచ్చే కుండీలకి ఏం పెట్టాలి? ఇంత ఆలోచించే టైముంది గానీ దూకే టైము లేదు, ఎందుకో.

మట్టిలో కూర్చునే బామ్మర్దికి తీర్పు చెప్పేశా, "వెనక పెట్టిన బ్రాండు శుద్ధ దండగరా" అని, స్పీకర్లో, గట్టిగా.

పక్కింటి పిల్లాడు బోర్డు తిరగేసి చూశాడు. పదేళ్ళుంటాయేమో. "అంకుల్, వెనక ట్రక్కు రివర్సులో బిగించారు."

కింగ్‌పిన్, అంటే ట్రక్కు మధ్యలో ఉండే పెద్ద బోల్టు, దాని నట్లు రెండూ బోర్డు మధ్యకి, ఎదురెదురుగా చూడాలట. నావి రెండూ గేటుకి వీపు పెట్టి వెనక్కి చూస్తున్నాయి. మరి వెనకచక్రాలు కూడా ముందు చక్రాలతోపాటు ఎడమకే తిరిగితే పీత కాక ఏమవుతుంది! ఫోన్ అవతల నవ్వు ఆగట్లేదు, "ఫీల్ ఎలా ఉంది బావా" అంటున్నాడు, కట్ చేశా.

విప్పుదామంటే ఆ ట్రక్కుని చెక్కకి బిగించే నాలుగు నట్లూ అంగుళంలో 3/8 వంతు సైజువి, నేను బిగించింది 10 మిల్లీమీటర్ల స్పానర్‌తో. అది వదులుగా తిరిగి తిరిగి నట్ల మూలలన్నీ అరగదీసింది. మూడు వచ్చాయి. నాలుగోది పిల్లాడు ప్లయర్‌తో పట్టుకుని ఇంకా లాగుతున్నాడు.