వాటా కాని పోర్షన్

చెన్నైలో అద్దెకు ఇల్లు దొరకదు, పోర్షన్ దొరుకుతుంది. వడపళని సందుల్లో మూడు ఆదివారాలు చెప్పులరిగేలా తిరిగి నేను నిర్ధారించిన సత్యమిది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని 'పోర్తియో'. అర్థం వాటా. మన కోస్తా ఊళ్లలోనూ ముందు వాటా, వెనక వాటా అనే అంటారు కదా, తేడా ఏమిటని మీరు అడగవచ్చు. చాలా ఉంది. వాటా అన్న మాటలో కాస్త హక్కు వాసన ఉంటుంది. దాని కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. పోర్షన్ కోసం మెట్లెక్కుతారు, అంతే.

మెట్లెక్కాక కనిపించేది పూర్వాశ్రమంలో ఒక హాలు. మధ్యలో ప్లైవుడ్ గోడ నిలబెట్టగానే అది రెండు సంసారాలైంది. పక్కవాళ్ల కుక్కరు మూడో కూత వేస్తే మా ఆవిడ మా పొయ్యి కట్టేస్తుంది.

యజమాని తెలుగువారే. "మనవాళ్లు కాబట్టి పది నెలల అడ్వాన్సు చాలు" అన్నారు. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోరాదని తమిళనాడు 2017లో చట్టం చేసింది. మాకు వేరే ఒప్పందం ఉంది. ఆయన రాశారు, నేను సంతకం పెట్టాను. చేరిన రోజున పాలు పొంగించాం. తెలుగులో పాలు అంటే వాటా అని కూడా అర్థం. ఆ ఇంట్లో మాకు దక్కిన పాలు ఆ అర లీటరే.

ఇక్కడి బడుల్లో పోర్షన్ అంటే పరీక్షకు చదవాల్సిన పాఠాలు. మొన్న మావాడు పరుగున వచ్చి "నాన్నా, పోర్షన్ అయిపోయింది" అన్నాడు. లెక్కల పుస్తకం సంగతని తెలియడానికి అర నిమిషం పట్టింది. ఆలోగా మనసులో సగం సామాను సర్దేశాను.

ఇంగ్లీషులో ఈ మాటకు కట్నం, నుదుటిరాత అన్న పాత అర్థాలూ ఉన్నాయి. మొదటిది నేను ఎరగను. రెండోది ప్రతి నెలా ఒకటో తారీఖున తలుపు తడుతుంది.

ఒకసారి, అద్దె పెంపు వాయిదా పడుతుందేమోనని, యజమాని దగ్గర చరిత్ర కదిపాను. "మద్రాసు మనదే" అని మన పెద్దలు వీధుల్లో నినదించారనీ, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినా మద్రాసు మాత్రం రాలేదనీ, ఆ లెక్కన మనిద్దరం ఒకే గాయం మోస్తున్నవాళ్లమనీ గద్గద స్వరంతో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు. వాటా అన్న తెలుగు మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"నీళ్ల మోటారు కరెంటు బిల్లులో మీ వాటా ఇంకా రాలేదండీ" అన్నారు.