లంకలకు కావలసింది వీడియో వైద్యం ఒక్కటే కాదు

కోవిడ్ కాలపు కొత్త పద్ధతులను ప్రాథమిక వైద్యంలో కొనసాగించాలన్న వ్యాసం బాగుంది. కానీ ప్రభుత్వ వీడియో వైద్య సేవ ఈ-సంజీవనికి అంత చోటిచ్చి, ట్రూనాట్ యంత్రాన్ని ఒక్క మాటతో దాటేశారు. గోవా సంస్థ రూపొందించిన ఆ చిన్న యంత్రం ప్రధానంగా క్షయ నిర్ధారణకు ఉద్దేశించినది. 2020లో కోవిడ్ పరీక్షలకు మళ్లించారు. బ్యాటరీతో నడుస్తుంది, పెద్ద ప్రయోగశాల అక్కరలేదు, గంట సుమారులో ఫలితం వస్తుంది. అందులో మరో పరీక్ష చిప్ వేస్తే, క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్షయనూ పట్టిస్తుంది. గోదావరి పాయల మధ్య లంక గ్రామాలకు ఇంతకంటే ఏం కావాలి? కఫం నమూనా ఏరు దాటితే చాలు, దగ్గుతున్న మనిషి పడవెక్కనక్కరలేదు. అయితే యంత్రం ఉండి చిప్‌లు లేకపోతే అది బల్ల మీది అలంకారమే. వ్యాసకర్త అడగవలసింది ఆ సరఫరా గురించి.

ఇక ఈ-సంజీవని. తెర మీద వైద్యుడు మందు రాస్తారు, సరే, ఆ మందు లంకలో ఎవరిస్తారు? జూలై, ఆగస్టు వరదలకు కాజ్‌వేలు మునగకముందే బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇంటికి చేరాలి.

రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటర్ల మాట కూడా. పెద్దల వేలికి చేసినవి పసిపిల్లలకు కుదరవు. న్యుమోనియా పిల్లల కోసం ఆశా కార్యకర్తలకు వేరే ప్రోబ్‌లు (ఒంటికి తగిలించే కొలత భాగాలు) కొనివ్వాలి.