కంప్యూటర్ పీరియడంటే బట్టీయేనా?

కోనసీమ బళ్లలో కంప్యూటర్ పాఠమంటే ఇంకా సీపీయూ ఫుల్‌ఫారం బట్టీ పట్టించడమేనా? కడుపు మండిపోతోంది! ల్యాబ్‌కి తాళం, యూపీఎస్ బ్యాటరీ చచ్చింది, ఉప్పుగాలికి పోర్టులు చిలుం పట్టాయి. సరే, కంప్యూటర్ లేకుండానే చెప్పొచ్చు కదండీ!

అక్షరక్రమంలో ఉన్న 1000 పేర్ల జాబితా ఇచ్చి ఒక పేరు వెతకమనండి. మొదటి నుంచి చూస్తే 1000 సార్లు పట్టొచ్చు. మధ్య పేరు చూసి, అక్కర్లేని సగం వదిలేస్తూ పోతే 10 సార్లు చాలు. జాబితా కలగాపులగంగా ఉంటే ఈ పద్ధతి బోల్తా కొడుతుంది. ఎందుకో పిల్లల్నే పట్టుకోనివ్వండి.

కాలవ నీళ్ల వంతులు రాయించండి, అదీ అల్గారిదమే, అంటే పనిని వరసగా ఒక్కో మెట్టుగా చెప్పడమే. తూము ఎప్పుడు మూయాలో రాయడం మరిచారా, లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే పని) ఆగదు: పై చేను మునుగుతుంది, శివారు చేను ఎండుతుంది.