తాతల లెక్కలో పడి మరుగైన ట్రోండ్‌హైమ్ బ్యాండ్

నాలుగైదేళ్లకోసారి ఎవరో ఒకరు 'ద థర్డ్ అండ్ ద మోర్టల్' అనే బ్యాండ్‌ను కొత్తగా కనిపెడుతుంటారు. కనిపెట్టినవాళ్లంతా చెప్పేది ఒకటే మాట: ఫిన్లాండ్ మెటల్ బ్యాండ్ నైట్‌విష్ కన్నా ముందే వీళ్లున్నారు, గోతిక్ మెటల్‌లో, అంటే విషాదం నిండిన బరువైన రాక్‌లో, ఆడగొంతుకు బాట వేసింది వీళ్లే, కాబట్టి 1994లో వచ్చిన 'టియర్స్ లెయిడ్ ఇన్ ఎర్త్' వినండి. కథ అక్కడితో కంచికి. ఈ నార్వే బ్యాండ్ ఆ తర్వాత ఇంకో మూడు ఆల్బమ్‌లు చేసిందన్న ఊసే ఉండదు. ఇలా గుర్తుచేసుకోవడం కన్నా పూర్తిగా మర్చిపోయినా నయమే.

ఆ తొలి ఆల్బమ్ గొప్పదే, కాదనేవాళ్లు లేరు. 'వాండ్రింగ్' అనే చిన్న నార్వేజియన్ పాటతో మొదలవుతుంది. కారి రూఎస్లొట్టెన్ గొంతే అందులో సర్వస్వం. పల్లెలో ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టుంటుంది, మెటల్ ఛాయలు మచ్చుకైనా కనిపించవు. తర్వాత ముగ్గురు గిటారిస్టులు దిగుతారు. ముగ్గురున్నారు కదా అని హోరెత్తించరు. ఒకరు బరువుగా సాగదీస్తుంటే ఇంకొకరు అకౌస్టిక్ తీగల మీద జానపద ఛాయలు అల్లుతారు. చివర్లో 'ఓషియానా' దాదాపు 18 నిమిషాలు. చర్చిలు తగలబెట్టడం, హత్యలు అంటూ నార్వే మెటల్ సంగీతం పత్రికల్లో పతాక శీర్షికలకెక్కిన రోజుల్లో, ఉత్తరాన ట్రోండ్‌హైమ్ కుర్రాళ్లు ఇంత నింపాదిగా వాయించారంటే అదే ఒక తెగువ.

సరిగ్గా అక్కడే కారి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో ఆన్-మారి ఎడ్వార్డ్‌సెన్ వచ్చింది. ఏ బ్యాండైనా అలాంటి సమయంలో పాత గొంతును పోలిన గొంతు వెతికి, పాత పాటలే మళ్లీ వండుతుంది. వీళ్లు మాత్రం 1996లో 'పెయింటింగ్ ఆన్ గ్లాస్' చేశారు. నా దృష్టిలో వీళ్ల అసలు పని అదే. పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అంచనా దొరకదు. గుసగుస మధ్యలో హఠాత్తుగా గొంతు ఎగసిపోతుంది, గిటార్లు తోడు రావు. పల్లవి కోసం ఎదురుచూసేవాడికి విసుగొస్తుంది. రానివ్వండి. ఆ మరుసటి ఏడాది 'ఇన్ దిస్ రూమ్'లో మెటల్ ఇంకా పలచబడింది. 2002లో జాజ్ గాయని కిర్స్టి హూకెతో చేసిన 'మెమోయర్స్' నాటికి మిగిలింది ఎలక్ట్రానిక్ లయ, బోలెడంత నిశ్శబ్దం. పదేళ్లలో ముగ్గురు గాయనులు, ఏ రెండు ఆల్బమ్‌లకూ పోలిక లేదు.

వంశవృక్షం చెప్పకపోతే జనం ఈ బ్యాండ్ దాకా వస్తారా అంటారు కొందరు. నైట్‌విష్ నడిపే తువోమస్ హోలోపైనెనే స్వయంగా వీళ్ల ప్రభావం ఒప్పుకున్నాడు, ఆ మాట పట్టుకుని కొన్ని వేలమంది వచ్చారనుకుందాం. రావడం మంచిదే. కానీ తాతగారి ఫొటోకు దండ వేసి గడప దగ్గరి నుంచే వెనక్కి పోతున్నారే, ఆ మర్యాద ఎవరికి కావాలి?

అదే కాలంలో ఓస్లో బ్యాండ్ ఉల్వర్‌ను చూడండి. 1996లో 'క్వెల్డ్‌సాంగర్'తో ప్రధానంగా గిటారు, చెల్లో, బృందగానాలతో సాగే జానపద ఆల్బమ్ చేసింది. రెండేళ్లకు అన్నీ వదిలేసి ఎలక్ట్రానిక్స్‌లోకి దూకింది. దాని ప్రతి మలుపునూ మెచ్చుకుంటూ ఇప్పటికీ రాస్తున్నారు. అలాంటి మలుపులే ట్రోండ్‌హైమ్ వాళ్లు తిరిగితే 'దారి తప్పారు' అన్నారు. మగవాడు మారితే ప్రయోగం, ముందు నిలబడి పాడేది ఆడమనిషైతే అయోమయం. ఆ తేడా నాకు ఇంకోలా అర్థం కావడం లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఎవరికి తాత, ఎవరికి ముత్తాత అని చూసి దాచుకుంటే, వారసుల్లేని సంగీతమంతా చెత్తబుట్టలోకే పోతుంది. నార్వే ఈ తూకాన్ని శ్రోతల చేతుల్లో పెట్టలేదు. 1989లో చేసిన చట్టం ప్రకారం ఆ దేశంలో జనం కోసం విడుదలయ్యే రికార్డులు జాతీయ గ్రంథాలయానికి చేరాలి. ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణాన ఉన్న మో ఇ రానా ఊళ్లో కొండను తొలిచి గదులు కట్టి మరీ భద్రపరుస్తున్నారు. హిట్టా, ఫట్టా అని ఆ చట్టం అడగదు. ఎవరికి స్ఫూర్తి అనీ అడగదు.

మనకూ 1954 నాటి చట్టం ఒకటుంది. పుస్తకం అచ్చేసిన నెలలోపు ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలంటుంది. తర్వాత పత్రికలను కూడా చేర్చారు. పాటలకు అందులో చోటే లేదు. ఎనభై, తొంభైల్లో ఊరి కాసెట్ షాపుల్లో అమ్ముడైన బుర్రకథలు, హరికథలు, ఒగ్గు కథలు ఏ ఇంటి అటక మీద బూజు పడుతున్నాయో ఆ ఇంటివాళ్లకే తెలియదు. వాటిని విని పెద్ద బ్యాండ్ పెట్టి, 'మాకు స్ఫూర్తి వీళ్లే' అని ఇంటర్వ్యూ ఇచ్చే ఫిన్లాండ్ కుర్రాడు మనకెవరూ రాడు. ఆ చట్టంలో పుస్తకాలు, పత్రికల పక్కన 'రికార్డులు' అని ఒక్క మాట చేర్చడానికి పార్లమెంటుకు పట్టేది ఒక పూట.