డిశ్చార్జ్ అయ్యాక మొదలయ్యే బిల్లు

వైద్యం ఖర్చు అనగానే ప్రభుత్వాలకైనా, బీమా కంపెనీలకైనా, మనకైనా గుర్తొచ్చేది ఆసుపత్రి బిల్లే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది మొదలు తెలుగునాట రాజకీయం కూడా ఆ బిల్లు చుట్టూనే తిరుగుతోంది. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలు చేసింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది. మంచిదే. ఆ పథకమే లేకపోతే ఆపరేషన్ కోసం పొలం అమ్ముకున్న ఇళ్లు ఇంకెన్ని ఉండేవో. కానీ ఇంటి లెక్కను తలకిందులు చేసేది చాలాసార్లు ఆ బిల్లు కాదు. రోగి ఇంటికొచ్చాక గడవాల్సిన మూడు నాలుగు నెలలు.

హైదరాబాద్‌లో అప్పు మీద కారు కొని తిప్పుకుంటున్న డ్రైవర్ ఇల్లు తీసుకుందాం. ఇంధనం పోగా నెలకు 38 వేలు మిగులుతాయి, భార్య కుట్టుపని మీద 8 వేలు వస్తాయి అనుకుందాం. అందులోనే కారు వాయిదా, ఇంటద్దె, పిల్లల ఫీజులు, సరుకులు, ఒక చీటీ. ఆయనకు బైపాస్ అయింది. ఆరోగ్యశ్రీలో రూపాయి కట్టకుండా అయిపోయింది, మందులూ ఆసుపత్రే ఇచ్చింది. మూడు నెలలు బండి నడపొద్దన్నారు. పక్కన మనిషి ఉండాలి కాబట్టి కుట్టుమిషనూ ఆగింది. అంటే 1,38,000 రాబడి పోయినట్టు. ఉచితంగా జరిగిన ఆపరేషన్ ఖరీదు ఆ ఇంటికి ఇది. చెకప్‌లకు ఆటో కిరాయిలు, పలకరింపులకొచ్చే చుట్టాల టీ ఖర్చులు నేను కలపలేదు.

ఈ గుంత దేనితో పూడుస్తారన్న దాన్ని బట్టే ఆ తర్వాతి రెండేళ్లు ఉంటాయి. లక్షన్నర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే మొత్తం బ్యాంకులో బంగారం పెట్టి ఏడాదికి పది శాతం చొప్పున తెస్తే నెలకు 1,250. అయినా మన ఇళ్లలో ముందు ప్రామిసరీ నోటు రాస్తారు, చివరికి గానీ నగలు బీరువా దాటవు. ఆడవాళ్ల మెడలోది తీయడం నామోషీ అంటారు. వడ్డీ వ్యాపారి వాకిట్లో కూర్చోవడం అంతకంటే నామోషీ కాదా? చీటీ పాటలోనూ ఇదే తంతు. అవసరం కొద్దీ తొందరపడి పాడి, చేతికొచ్చే దాంట్లో పెద్ద కోత పడనిస్తారు. కారు వాయిదా సంగతి ఫైనాన్స్ వాళ్లకు ముందే చెప్పి గడువు అడగొచ్చు. చెక్కు బౌన్స్ అయ్యాక అడిగితే ఆ మాటకు విలువ ఉండదు.

ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలని ఆర్థిక సలహాదారులు చెబుతుంటారు. జీతం ఒకటో తారీఖున పడేవాళ్లకు చెప్పాల్సిన మాట అది. ఏ రోజు సంపాదన ఆ రోజే అయిపోయే ఇంటికి అది సలహా కాదు, ఎత్తిపొడుపు.

బీమా ఉన్న మధ్యతరగతికి దెబ్బ ఇంకో దారిలో తగులుతుంది. 5 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 5 వేలకు మించొద్దని షరతు ఉందనుకోండి. కాస్త గాలీ వెలుతురూ ఉంటుందని 8 వేల గదిలో చేరారు. తేడా 3 వేలే కదా అనుకుంటారు. కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లాంటివీ అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 2 లక్షలైతే కంపెనీ ఇచ్చేది లక్షా పాతిక వేలు, 75 వేలు మన జేబులోంచే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. అలా మిగిలిన డబ్బును గది అద్దె పరిమితి లేని పాలసీకి మారడానికి వాడుకుంటే సరైన ఖర్చు.

పోయిన కూలిని లెక్కలోకి తీసుకున్న ఏర్పాట్లు మనకు అసలు లేకపోలేదు. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో 21 వేల లోపు జీతానికి పనిచేస్తూ ఈఎస్ఐ ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే, చందా షరతులు తీరితే, జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నవాటికి ఇంకా ఎక్కువ కాలం, 80 శాతం. ఈఎస్ఐ అంటే మందుల క్యూ అని మాత్రమే తెలిసిన కార్మికులు ఎందరో. సెలవు కాగితం మీద డాక్టరు సంతకం తీసుకుని క్లెయిమ్ చేసుకోకపోతే ఆ డబ్బు రాదు.

ఇక ఈఎస్ఐ లేని డ్రైవర్లు, మేస్త్రీలు, కౌలు రైతుల సంగతి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న కాలానికి రోజుకు 225, నెలకు 5 వేలకు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ 5 వేలు మన డ్రైవర్ కారు వాయిదాకూ చాలవు. అయినా ఆరోగ్యశ్రీ చరిత్రలో ఇంటి లెక్క తెలిసినవాళ్లు రాసినట్టున్న నిబంధన అదేనని నా అభిప్రాయం. పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగితే లాభపడేది కొద్దిమందే. అంత ఖర్చయ్యే జబ్బులు అరుదు. మూడు నెలల కూలి పోవడం మాత్రం పెద్ద ఆపరేషన్ అయిన దాదాపు ప్రతి కష్టజీవి ఇంట్లోనూ జరుగుతుంది. ఈసారి ఎన్నికల్లో ఎన్ని లక్షలకు పెంచుతారని కాకుండా, రోజుకు ఎంత ఇస్తారు, ఎన్ని రోజులు ఇస్తారు, డిశ్చార్జ్ అయిన ఎన్నో రోజుకు ఖాతాలో పడుతుంది అని పార్టీలను అడగాలి.